మా తాతలందరూ గుమాస్తాలే, మరి మూటలెవరు మోశారు?

మా పెదనాన్నకి వచ్చే నెల సహస్ర చంద్ర దర్శనం. ఆ రోజు పంచడానికి వంశవృక్షాన్ని చిన్న పుస్తకంగా వేయిస్తున్నాం. బరంపురంలో ఉన్న మావాళ్ళందరిలోకీ తెలుగు టైపు చెయ్యడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. పిల్లలకి ఇంట్లో మాట తెలుగు, బళ్ళో రాత ఒడియా, ఫోన్లో ఇంగ్లీషు. అంచేత ఆ పని నా నెత్తిన పడింది. పేరు, భార్య పేరు, సంతానం, ఊరు, వృత్తి. ఇవీ గడులు. ముత్తాత వరస వచ్చేసరికి వృత్తి గడిలో పెదనాన్న స్వయంగా తన చేత్తో రాసి పంపారు, "రంగంలో గుమాస్తా" అని. రంగం అంటే బర్మాలోని రంగూన్, ఇప్పటి యాంగూన్.

టైపు చేసేశాను. మర్నాడు మా పిన్ని వైపు నుంచి కాగితం వచ్చింది, అందులోనూ ఒకాయన రంగంలో గుమాస్తా. మా ఆవిడ పుట్టింట్లో ఆరా తీస్తే వాళ్ళ తాతగారూ అంతే. గోసానినూగావ్‌లో ఉండే నా స్నేహితుడి ముత్తాత మేస్త్రీ, అంటే కూలీల ముఠాకి పెద్ద, గుమాస్తా మీద ఇంకో మెట్టని వాడి లెక్క. వేళ్ళు మడిచి చూసుకున్నాను. ఈ గంజాం జిల్లాలో రంగం వెళ్ళొచ్చిన పెద్దలున్న తెలుగు ఇళ్ళు నాకు తెలిసినవే పాతిక దాకా ఉన్నాయి. పాతికలో కూలీ ఒక్కడు లేడు.

1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో జనం 4 లక్షలు. అందులో 2 లక్షల 12 వేల పైచిలుకు భారతీయులే, అంటే ఊళ్ళో సగం కంటే ఎక్కువ. బర్మా మొత్తం మీద తెలుగువాళ్ళు లక్షకు పైమాటే. యుద్ధానికి ముందు బర్మా ఏటా 30 లక్షల టన్నుల దాకా బియ్యం ఓడలకెక్కించేది. ప్రపంచంలో అంత బియ్యం అమ్మిన దేశం అప్పట్లో ఇంకోటి లేదు. అందులో సగమే రంగూన్ రేవు దాటిందనుకుందాం. బస్తా క్వింటాలు చొప్పున వేసుకున్నా కోటిన్నర బస్తాలు. పజుండాంగ్ కాలవ గట్టు మీది మిల్లుల్లోంచి పడవల్లోకి, పడవల్లోంచి నది మధ్య లంగరేసిన ఓడల్లోకి. ఎక్కించినప్పుడల్లా, దింపినప్పుడల్లా మనిషి వీపే ఆధారం. ఆ బస్తాల లెక్క రాయడానికి ఎంతమంది గుమాస్తాలు కావాలి? మొయ్యడానికి ఎంతమంది కావాలి?

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. రంగం రేవులో మనవాళ్ళు మోసిన మూటని మాయం చేసింది ఇంగ్లీషువాళ్ళూ కాదు, బర్మావాళ్ళూ కాదు. అది మన ఇళ్ళల్లోనే మాయమైంది, గుమాస్తా అన్న ఒక్క మాట చాటున.

వంటింటి కొక్కెం

మా ఇంట్లో ఒక ఇనప కొక్కెం ఉంది. జానెడు పొడుగు. కొన వంకీ తిరిగి ఉంటుంది, మొన ఇంకా తేరి ఉంది. పిడి అడ్డకర్ర, గుప్పిట్లో పట్టుకుంటే రెండు వేళ్ళ సందులోంచి ఇనుము బయటికొస్తుంది. ఆ కర్ర చెమట తాగి తాగి చింతగింజ రంగుకి తిరిగింది. వేళ్ళు ఆనే చోట అరిగి పల్లం పడింది. నా వేళ్ళు ఆ పల్లంలో సరిగ్గా కూర్చోవు, ముత్తాతవి నా వాటికంటే లావైన వేళ్ళు అయ్యుండాలి.

మామ్మ దాన్ని రంగం కొక్కెం అనేది. వంటింటి మూల బియ్యం బస్తా జరపడానికి వాడేది. గోనె చెవిలో గుచ్చి ఒక్క గుంజు గుంజేది, బస్తా మాట విన్నట్టు జరిగేది. మేం ముట్టుకోబోతే కన్ను పోతుందని కసిరేది. రంగం నుంచి వచ్చినవాటిలో టేకు పెట్టె, లక్క డబ్బా ముందుగదిలో కొలువు తీరాయి. చుట్టాలొస్తే పెట్టె మూత తీసి వాసన చూపించేవారు. కొక్కెం మాత్రం వంటింట్లోనే ఉండిపోయింది. ఎవరూ దాచలేదు, అలాగని ఎవరూ చూపించనూ లేదు.

గుమాస్తా అయితే కలం తెచ్చుకోవాలి, చిట్టా పుస్తకం తెచ్చుకోవాలి. బస్తాలు లాగే కొక్కెం ఎందుకు తెచ్చుకున్నాడు? బ్యాంకులో ముప్ఫై అయిదేళ్ళు గుమాస్తాగిరీయే చేసిన నాకు ఈ ప్రశ్న రిటైరయ్యేదాకా తట్టలేదు. పెదనాన్నకి ఫోన్ చేశాను.

"ఏటిరా, మన పెద్దోళ్ళు మూటలు మోసేరని పుస్తకంలో అచ్చేస్తావేటి? వియ్యాలవారు చదువుతారు."

"మరి కొక్కెం ఎందుకు తెచ్చుకున్నారు పెదనాన్నా?"

"గోదాంలో గుమాస్తాకి కొక్కెం ఉండదేటి? బస్తాలో సరుకెలగుందో చూడాలా వద్దా?"

నోరు మూసుకున్నాను. సరుకు చూడ్డానికి బస్తాలో గుచ్చేది బోలుగా ఉండే ఇనప గొట్టం, కొక్కెం కాదు, అని నాకు గుర్తొచ్చేసరికి ఆయన ఫోన్ పెట్టేశారు.

ఒక కొక్కెంతో ఏమీ రుజువు కాదని నాకూ తెలుసు. ఎవరో ఇచ్చి ఉండొచ్చు, గోపాల్‌పూర్ గోదాముల్లో కొని ఉండొచ్చు. కానీ ఆ అరుగుదల ఎవరిది? కొన్నవాడి చెయ్యి కర్రని అంతలా అరగదీయదు.

నదిగట్టు కథ

ఆ ఉక్రోషంలో రంగూన్ నదిగట్టు గురించి దొరికింది దొరికినట్టు చదివాను. మొదలు చాలామందికి తెలిసిందే. 1852లో బర్మాతో జరిగిన రెండో యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు ఊరు పట్టుకున్నారు. మాంట్‌గొమరీ అనే డాక్టరు, ఫ్రేజర్ అనే ఇంజనీరు కలిసి నక్షా గీశారు. బురదనేల ఎత్తుచేసి గళ్ళచీర పరిచినట్టు వీధులు వేశారు. మధ్యలో సూలే పగోడా, నది పొడుగునా స్ట్రాండ్ రోడ్డు. 1880 నాటికి పోర్టు కమిషనర్లు వచ్చారు. లూయిస్ స్ట్రీట్, బ్రూకింగ్ స్ట్రీట్, సూలే పగోడా అంటూ వీధి ఎక్కడ నదికి తగిలితే అక్కడ ఆ పేరుతోనే జెట్టీయో వార్ఫో. 1865లో పుట్టిన ఇరావతి ఫ్లోటిల్లా కంపెనీ 1920లు వచ్చేసరికి 600 పైగా స్టీమర్లతో, పడవలతో లోకంలోనే అతి పెద్ద నదీ సంస్థ అయింది. దాని మరమ్మతుల యార్డు నదికి అవతల డల్లాలో ఉండేది.

ఇప్పుడు ఆ గట్టు గురించి రాసేవాళ్ళకి కట్టడాల మీద ప్రేమ. 2012లో యాంగూన్ హెరిటేజ్ ట్రస్టు వచ్చాక పాత భవనాలకి నీలం పలకలు తగిలించారు, మంచి పనే. 1901లో సార్కీస్ సోదరులు తెరిచిన స్ట్రాండ్ హోటల్లో ఏయే దొరలు బస చేశారో పుస్తకాల్లో దొరుకుతుంది. హోటల్ ఎదురుగా రేవులో మూటతో దిగి, ఎటు వెళ్ళాలో తెలీక మేస్త్రీ వెనకాల వరసలో నడిచినవాళ్ళ ఊసు ఆ పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలు, "కొరంగీ కూలీలు" అని.

ఆ మాట కూడా విచిత్రమే. కోరంగి ఎక్కడో గోదావరి పాయ మీది రేవు. 1789లో ఒక ఉప్పెన, 1839లో ఇంకో ఉప్పెన వచ్చి దాన్ని తుడిచిపెట్టాయి. ఊరు పోయినా పేరు సముద్రం దాటి రంగంలో తెలుగువాళ్ళందరికీ అంటుకుంది. మా గంజాంలోని చీకటి అనే జమీందారీ నుంచి వెళ్ళిన మా ముత్తాత కోరంగి ముఖం చూసి ఎరగడు. అక్కడ మాత్రం ఆయన కొరంగీయే.

అలాగని మూట మోసినవాడి గురించి ఎక్కడా రాయలేదంటే అబద్ధం అవుతుంది. సర్కారు కాగితాల నిండా వాడే. కార్మికుల స్థితిగతుల మీద 1931లో నివేదిక ఇచ్చిన విట్లీ కమిషన్ బర్మాకీ వెళ్ళింది, అక్కడి వాంగ్మూలాలే ఒక సంపుటం. కిక్కిరిసిన బసలు, రాత్రిపని వాడు లేస్తే పగటిపని వాడు నడుం వాల్చే చాపలు. కూలికీ కంపెనీకీ మధ్య మెట్లు: ఓడలకి సరుకు ఎక్కించి దించే స్టీవెడోర్ కంపెనీ, దాని కింద కాంట్రాక్టరు, హెడ్ మేస్త్రీ, ఛార్జి మేస్త్రీ, చివర గ్యాంగు మేస్త్రీ. ఓడ టికెట్టుకని ఊళ్ళో ఇచ్చిన అడ్వాన్సు అక్కడ కూలిలోంచి నెలనెలా కోసుకునేవారు. టన్నుకింత అని కంపెనీ ఇచ్చిన డబ్బు ఒక్కో మెట్టు దిగేసరికి కరిగి కరిగి గోచీకి ముడేసుకునేంత మిగిలేది. మేస్త్రీ కూడా ఏ పరాయి దేశం నుంచో వచ్చినవాడు కాదు, చాలావరకు మన భాషవాడే, కొన్నిసార్లు మన ఊరివాడే.

అందుకే నా స్నేహితుడు వాళ్ళ ముత్తాత మేస్త్రీ అని గర్వంగా చెప్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కూలీ అయితే పరువు తక్కువ, కూలీ డబ్బు కోసుకున్నవాడైతే పరువు ఎక్కువ. ఈ తూకం ఎవరు నేర్పారు మనకి?

1930 మే

మా ఇంట్లో ఈ సంగతి ఒక్క ముక్కలో తేల్చేవారు. "బర్మావోళ్ళు మనోళ్ళని నరికేరు, తాత వచ్చేసేడు." ముత్తాత ఆ వర్షాకాలంలో ఓడెక్కి వచ్చి మళ్ళీ వెళ్ళలేదు. చిన్నప్పుడు నాకు బర్మావాడంటే చేతిలో కత్తి ఉన్నవాడే.

జరిగింది ఇది. మే 5న బాగోలో పెద్ద భూకంపం వచ్చింది, రంగూన్‌లోనూ ఇళ్ళు కూలాయి, మనుషులు పోయారు. అదే రోజు ఇక్కడ గాంధీగారిని అరెస్టు చేశారు. ఆ నెలలోనే రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ళలో అత్యధికులు తెలుగువాళ్ళు. స్టీవెడోర్ కంపెనీలు వాళ్ళ చోట్లో బర్మా కూలీల్ని దింపాయి. అప్పటిదాకా రేవు పని దరిదాపుల్లోకి కూడా వాళ్ళు పెద్దగా రాలేదు, రానివ్వలేదు. కొన్నాళ్ళకి కంపెనీలు సమ్మెదారులతో రాజీపడి కూలి పెంచాయి. మే 26 పొద్దున బర్మావాళ్ళు పనికొచ్చి చూస్తే పాతవాళ్ళు తిరిగొచ్చి ఉన్నారు. ఇక మీరు అక్కర్లేదు పొమ్మన్నారు. వెక్కిరింతలతో మొదలై తోపులాట, ఆపైన కర్రలు, కత్తులు. నాలుగు రోజులు తిరక్కుండా వందమందికి పైగా పోయారు, వందల్లో గాయపడ్డారు. చచ్చిపోయినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. మేం బర్మావాళ్ళం అని నినదించిన దొబామా ఉద్యమం ఆ అల్లర్ల వేడిలోంచే పుట్టింది.

ఇది చదివాక నా బుర్రలో రెండు మాటలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. మొదటిది, మనవాళ్ళు గెలిచారు. గంజాం, శ్రీకాకుళం, విశాఖ పల్లెల నుంచి వెళ్ళి, మేస్త్రీ అప్పులో పీకలదాకా మునిగి ఉన్నవాళ్ళు పరాయి దేశంలో రేవుని స్తంభింపజేసి కూలి పెంచుకున్నారు. ఇది చిన్న విషయమా? దేశానికి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1894లో పుట్టింది మా బరంపురంలోనే, కార్మికోద్యమం చేసి పైకొచ్చిన మనిషి. ఆయన పేరు చెప్పుకుని ఛాతీ విరుచుకుంటాం. రంగం రేవు సమ్మె పేరెత్తిన తెలుగు సభ ఒకటి ఈ ఊళ్ళో నేను చూడలేదు. ఎలా ఎత్తుతారు? తాతలందరూ గుమాస్తాలైపోతే సమ్మె కట్టడానికి ఎవరు మిగిలారు?

రెండో మాట అంత సుఖంగా లేదు. గెలిచారు అని పెద్ద అక్షరాలతో రాయబోయి ఆగాను. ఆ బర్మావాళ్ళు ఎవరు? ఆ ఏడాదే వరి ధర కూలిపోయింది. దిగువ బర్మా వరి జిల్లాల్లో 1930లో వడ్డీ వ్యాపారం చేసే తమిళ చెట్టియార్ల చేతికింద ఉన్న భూమి నూటికి 6 వంతులు, 1937కల్లా 25 వంతులు. అప్పు తీర్చలేక పొలం పోతున్న రైతులకి రంగూన్ రేవులో పని దొరికిందంటే మా ముత్తాతకి దొరికినట్టే. ఊళ్ళో దారి మూసుకుపోయే ఇద్దరూ అక్కడ తేలారు. ఒకణ్ణి సమ్మె విరగ్గొట్టడానికి పిలిచారు, అక్కర తీరాక రేవు బయటికి తోసేశారు. తోసింది మనవాళ్ళు కాదు. కానీ తోసిన చోట నిలబడింది మనవాళ్ళే. ఆ పొద్దున వెక్కిరించినవాళ్ళలో మా ముత్తాత లేడని నేను ప్రమాణం చెయ్యలేను.

బర్మావాళ్ళు నరికారు అన్న కథలో ఈ చిక్కు ఉండదు. గుమాస్తా అన్న కథలోనూ ఉండదు. గుమాస్తా బల్ల దగ్గర కూర్చుని గొడవ విన్నవాడు, అంతే.

1942 మాత్రం అందరి ఇళ్ళల్లోనూ బతికే ఉంది. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడగానే రేవు ఖాళీ అయింది, లక్షల మంది అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచొచ్చారు, దారిలో వేలల్లో రాలిపోయారు. మా చుట్టాల్లో అలా నడిచొచ్చిన ఒక ముసలాయన కథ నేను పదిసార్లు విన్నాను, జలగల గురించి, నీళ్ళ బదులు వెదురు గడల్లో చెమ్మ పీల్చడం గురించి. అక్కడ ఆయన ఏ పని చేసేవాడో పదిసార్లలో ఒక్కసారీ రాలేదు. కష్టం చెప్పుకుంటే జాలీ గౌరవమూ దొరుకుతాయి. చేసిన పని చెప్పుకుంటే కులం బయటపడుతుంది, కూలి బయటపడుతుంది. ఇదే అసలు సంగతని నా అనుమానం.

ఇవతలి గట్టు

బరంపురం నుంచి గోపాల్‌పూర్ పదహారు కిలోమీటర్లు. ఉద్యోగంలో ఉండగా రెండేళ్ళు రోజూ వెళ్ళొచ్చాను. 1871 నాటి లైట్‌హౌసు, దాని దిగువ కూలిపోయిన గోదాము గోడలు, ఇసకలో పాత రేవు స్తంభాల మొండేలు. టూరిస్టులు వాటి ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. ఒకప్పుడు బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు ఇక్కడ, బారువలో, కలింగపట్నంలో, భీమిలిలో ఆగి జనాన్ని ఎక్కించుకుని రంగం పోయేవి. ఇక్కడ అలలు పెద్దవి, ఓడ ఒడ్డుకి రాదు, దూరంగా లంగరేసేది. కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో మనుషుల్ని మోసుకెళ్ళి ఎక్కించేవారు. మేకు ఒక్కటి లేని పడవ, అల కొడితే విరక్కుండా వంగేది. ఆ పడవలు నడిపినవాళ్ళు నోలియాలు. ఒడియావాళ్ళు పెట్టిన పేరది. వాళ్ళ ఇంటి భాష ఇప్పటికీ తెలుగే.

ఈ రేవూ ఆ రేవూ రెండు వేరు ఊళ్ళ చరిత్రలుగా రాస్తారు. నాకలా అనిపించదు. ఇక్కడ ఇసక మీద అడ్వాన్సు చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకున్నప్పుడే రంగం రేవులో పని మొదలైంది. గంజాం కరువు 1888–89లో వచ్చింది. అలాంటి ఏడు వచ్చిందంటే ఈ ఒడ్డున పడవకోసం కూర్చునేవాళ్ళ వరస పెరిగేది. బ్రూకింగ్ స్ట్రీట్ వార్ఫ్‌కి పునాది రాయి అక్కడుంటే, దాని మీద నడిచిన కాళ్ళు ఇక్కణ్ణించి వెళ్ళాయి.

పోయిన వారం మళ్ళీ వెళ్ళాను. వల బాగుచేసుకుంటున్న ఒక నోలియా ముసలాయన దగ్గర కూర్చున్నాను. ఆయన చేతిలో నైలాను తాడు, కాలి బొటనవేలికి వల కొస తగిలించి లాగి పట్టుకున్నాడు. రంగం ఓడల సంగతి అడిగితే తలెత్తకుండానే చెప్పాడు.

"మా తాత ఎక్కించేవోడు బాబూ, దించేవోడు. ఎక్కినప్పుడు బలంగా ఉండేవోరంట. దిగినప్పుడు పెట్టె బరువుండేది, మడిసి బరువుండేవోడు కాడంట."

"మీవాళ్ళెవరూ రంగం వెళ్ళలేదా?"

"ఎల్లేరు. మూటలు మోసేవోరు. ఇంకేటి సేస్తారు?"

అంత మామూలుగా. మా పాతిక ఇళ్ళలో ఎవరి నోటా రాని మాట ఆయన వల ముడి వేస్తూ వేస్తూ అనేశాడు. నేను రాసుకుంటుంటే, ఇందులో రాసుకోడానికేముందన్నట్టు నా పెన్ను వైపు చూశాడు.

నా మీద నాకే అనుమానం

ఇదంతా రాశాక నన్ను నేను అడ్డుకోవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. రంగంలో తెలుగు గుమాస్తాలు లేరా? ఉన్నారు. బళ్ళో పంతుళ్ళు, కంపౌండర్లు, వ్యాపారులు, అందరూ ఉన్నారు. ప్రతి గుమాస్తానీ అబద్ధం అనడం ఇంకో రకం అబద్ధం. నా పాతికలో అయిదారుగురు నిజంగానే బల్ల దగ్గర కూర్చుని ఉంటారు.

ఇంకోటి. పెన్షను తీసుకుంటూ, సొంతింట్లో ఫ్యాను కింద కూర్చుని మా ముత్తాత కూలీ అని రాసుకోవడం నాకు పైసా ఖర్చులేని పని. దాంతో నాకు పోయేదేమీ లేదు, పైపెచ్చు నలుగురు మెచ్చుకుంటారు. నిజంగా ఆ పేరు అంటించుకుని బతికినవాడు, గుమాస్తా అని చెప్తే కూతురికి సంబంధం దొరుకుతుందని చెప్పి ఉంటే, తప్పెలా పడతాను? మూటల బరువు మోసినవాడు ఆ మాట బరువు పిల్లలకి దింపకూడదనుకున్నాడేమో. ఇది నాకు బలమైన వాదనగానే కనిపిస్తుంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

కానీ ఆ దాపరికం అక్కడితో ఆగటం లేదు. మా జిల్లా నుంచి సూరత్ మగ్గాలకి వెళ్ళినవాళ్ళు లక్షల్లో ఉంటారు, ఒడియావాళ్ళూ తెలుగువాళ్ళూ. పన్నెండు గంటల షిఫ్టు, మెస్సులో ఒకడు లేస్తే ఒకడు పడుకునే చాప. రంగం బసల గురించి నూరేళ్ళ కిందట రాసిన వాక్యాన్నే ఊరు పేరు మార్చి సూరత్ అని పెట్టుకోవచ్చు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు వాళ్ళు తిరిగొస్తుంటే స్టేషను బయట బారులు చూశాం. మా వీధి చివర ఇంట్లో అబ్బాయి అక్కడే పదేళ్ళుగా పవర్‌లూమ్ నడుపుతున్నాడు. మొన్న వాళ్ళమ్మని అడిగాను, అబ్బాయి ఏం చేస్తున్నాడని.

"సూపర్‌వైజరు బాబూ" అంది.

నాకు కొక్కెం గుర్తొచ్చింది. ఆ అబ్బాయికి చెవులు సరిగా వినిపించవు, మగ్గాల మోతకి. సెలవుల్లో వచ్చినప్పుడు ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడాలి. సూపర్‌వైజరుకి చెవులెందుకు పోయాయని ఆ ఇంట్లో మనవలు ఎప్పుడో అడుగుతారు. అప్పటికి చెప్పేవాళ్ళుంటారో లేదో.

మా మేనల్లుడు మర్చంట్ నేవీలో ఉన్నాడు. రెండేళ్ళ కిందట వాళ్ళ ఓడ యాంగూన్ వెళ్ళింది. నది మొగ దగ్గర పోటు కోసం ఆగాలట, పోటు లేకపోతే మంకీ పాయింట్ దగ్గర మేట మీదుగా ఓడ పైకి రాదు. రేవు చేరాక వీడియో కాల్ చేశాడు. నీళ్ళు పాలు తక్కువైన టీలా ఉన్నాయి. "మావయ్యా, అంతా క్రేన్లూ కంటైనర్లే, మూటల్లేవు" అన్నాడు. తర్వాత ఫోను పక్కకి తిప్పితే చిన్న జెట్టీ ఒకటి కనిపించింది. లుంగీలు ఎగ్గట్టిన మనుషులు పడవకీ గట్టుకీ మధ్య వేసిన పలక మీంచి బస్తాలతో నడుస్తున్నారు. బర్మావాళ్ళు. పలక వాళ్ళ అడుగుకి తగ్గట్టు ఊగుతోంది. పైవాడు ఎక్కేదాకా వెనకవాడు ఒడ్డున ఆగుతున్నాడు. నేను ఇంకాసేపు చూపించమన్నాను, వాడికి డ్యూటీ టైమైపోయింది.

నిన్న రాత్రి పెదనాన్నే ఫోన్ చేశారు. పుస్తకం సంగతి కాదు, భోజనాల్లో స్వీటు ఏం పెట్టాలని. మాటల్లో మాటగా అన్నారు, ఆయనకి పదేళ్ళప్పుడు తాత పోయాడని, తాత కుడి భుజం మీద అరచెయ్యంత మేర చర్మం తాటి మట్టలా గట్టిగా ఉండేదని. పిల్లలందరూ వేళ్ళతో టకటకా కొట్టి ఆడుకునేవారట, తాత నవ్వేవాడట, నొప్పి తెలిసేది కాదట. చెప్పి కాసేపు ఊరుకున్నారు. నేనూ ఏమీ అనలేదు.

"సరే, గుమాస్తా తీసెయ్" అన్నారు చివరికి. "కూలీ అని మాత్రం రాయకురా. నే పోయేక రాసుకో."

గడిలో 'రంగం రేవు' అని కొట్టి ప్రూఫు పంపాను. పొద్దున చూసి సరే అన్నారు. రేవు పక్కన ఒత్తు ఎక్కువైందని, అక్షరం సరిచెయ్యమని మాత్రం చెప్పారు.